ఆగిన బస్సులో వణుకు

కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే మా పొద్దుటి బస్సుకు సెల్ఫ్ స్టార్టు పనిచేయదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే కండక్టర్ కల్పన ఇవాళ బతికి ఉందంటే అందులో సగం పుణ్యం ఆ చెడిపోయిన సెల్ఫ్‌దే. మిగతా సగం డాక్టర్లది. నా పేరు సునంద, రుద్రంగి దగ్గర ఒక బడిలో లెక్కల టీచర్ని. ఏళ్ల తరబడి నాకు అదే బస్సు, కండక్టర్ సీటు వెనక అదే సీటు. నాకు కోపం ఎక్కువని బస్సంతా అంటుంది. లెక్కలు చెప్పేవాళ్లకు కోపం రాకపోతే ఇంకెవరికి వస్తుంది?

సెల్ఫ్ బాగు చేయించలేదా అంటే, చేయించారు. రెండుసార్లు మెకానిక్ గెలిచాడు, మూడోసారి బస్సు గెలిచింది. అందుకని డ్రైవర్ గంగయ్య పొద్దున్నే నలుగురి చేత తోయించి స్టార్టు చేశాడంటే, బండి మళ్లీ ఇల్లు చేరేదాకా ఇంజన్ బందు చేయడు. టీ తాగినా, బస్టాండులో పావుగంట ఆగినా ఇంజన్ గుడగుడమంటూనే ఉంటుంది. కిటికీ అద్దాలు, సీట్లు, పైన పట్టుకునే రాడ్లు అన్నీ ఒకటే వణుకు. నేను బస్సు దిగి, బడికి పోయి, సుద్దముక్క పట్టుకున్నాక కూడా కాసేపు నా గీత వంకరగానే వచ్చేది.

ఆ బస్సులో కల్పనను చూడాలి. ఎల్లారెడ్డిపేట వైపు నుంచి కోరుట్లకు కోడలై వచ్చింది. తండ్రి మొండయ్య తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. ఒక చేత్తో రాడ్ పట్టుకుని సగం ఒళ్లు ఫుట్‌బోర్డు బయట పెట్టి నిలబడితే, చెట్టెక్కేవాళ్ల బిడ్డ అని ఎవరూ చెప్పనక్కర్లేదు. భర్త సతీశ్ కోరుట్లలో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితం అయిన దగ్గర్నుంచి మా బండిలో చీమ దూరే సందు లేదు. ఆ గుంపులో కూడా కల్పన గొంతు ఈ చివర నుంచి ఆ చివరకు వినపడేది.

"కథలాపూర్, రుద్రంగి, చందుర్తి, యేములాడ, సిరిసిల్ల. జర ముందటికి జరుగుండ్రి. దర్వాజకాడ ఏమన్న పెండ్లి పందిరేసిన్రా, అందరు ఈడనే నిలవడ్డరు?"

మొదట పోయింది ఆ గొంతే. పొద్దున ఎక్కితే గంటలా ఉండేది. సాయంత్రం బడి అయ్యాక అదే బస్సు తిరిగి వస్తే, మాట ముక్కులోంచి వచ్చేది, చివరి ఊరి పేరు వచ్చేసరికి సగంలో ఆగిపోయేది. ఏమైందే అని అడిగితే నవ్వింది.

"అరుసుడే గద టీచరమ్మా మా కొలువు. గొంతు గూడ ఇనుపది గాదు గద, అరిగిపోదా?"

తర్వాత కళ్లు. సాయంత్రానికి ఎడమ రెప్ప సగం వాలేది. డీజిల్ పొగ అంది. తర్వాత తొడలు, భుజాలు నొప్పులు. నిలబడే కొలువు అంది. ప్రతిదానికీ ఆమెకు బస్సే సాకు. నాకేమో లోపల ఒళ్లు మండేది. తప్పు లెక్కకు సరైన జవాబు వచ్చిందని పిల్లవాడు గొడవ పడుతుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది.

ఇక నేను ఆగలేకపోయింది లక్ష్మవ్వ టికెట్ల రోజున. లక్ష్మవ్వది కోరుట్ల. రుద్రంగి అంగట్లో ఆకుకూరలు అమ్మి తిరిగి వస్తుంటుంది. నేను దొరల ఇంటి పిల్లనని నన్ను దొరసాని అని వెక్కిరించడం ఆమెకు రోజూ ఉండాల్సిన సరదా. మా తాత దొర అయితే అయ్యాడు, నాకు స్కూటీ కూడా నడపరాదు. ఆ సాయంత్రం కల్పన లక్ష్మవ్వ చేతిలో ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్లు రెండు పెట్టింది.

"నేను ఒక్కదాన్నే గద బిడ్డా. రెండోది ఎవలకు?"

"నీ పక్కన కూసున్న అవ్వకు."

"నా పక్కకు కిటికున్నది."

బస్సంతా పకపకా నవ్వింది. కల్పన నవ్వలేదు. ఆ కిటికీ వైపే రెప్ప ఎత్తి ఎత్తి చూస్తోంది, ఆమెకు ఒక మనిషి ఇద్దరుగా కనపడుతున్నట్టుంది. నేను సీట్లోంచి లేచి, సతీశ్ ఫోన్ నంబర్ చెప్పమని గద్దించాను. ఆ ఆదివారమే ముగ్గురం కరీంనగర్ పోయాం.

అక్కడి నరాల డాక్టరమ్మ చేసిన మొదటి పని చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఫ్రిజ్‌లోంచి ఐసుముక్క తెప్పించి, గుడ్డలో చుట్టి, కల్పన ఎడమ రెప్ప మీద కాసేపు ఉంచింది. తీసేసరికి రెప్ప దుకాణం షట్టర్ లేచినట్టు పైకి లేచింది. నాకు సంబరం పట్టలేదు, రోగం కుదిరిపోయిందనుకున్నాను. డాక్టరమ్మ మాత్రం నవ్వకుండా రక్తపరీక్షలు, ఛాతీ స్కానింగు రాసింది. రోగం పేరు మయస్థీనియా. స్కానింగులో ఛాతీ ఎముక వెనక నిమ్మకాయంత గడ్డ కనిపించింది. దాని పేరు థైమోమా. ఆ రెండు పేర్లూ నేను దారిపొడవునా ఎక్కాల్లాగా వల్లె వేసుకుంటూ వచ్చాను.

డాక్టరమ్మ మన ప్రాంతం మనిషే. కల్పన చేతిలో టికెట్ మిషను పట్టి పట్టి కాచిన కాయను చూసి, ఆమెకు తెలిసిన మాటల్లోనే చెప్పింది.

"మీ బస్సుల చెకింగోళ్లు ఎక్కుతరు గదమ్మా. ఒంట్ల గూడ గట్లాంటోళ్లు ఉంటరు, బయటికెల్లి వచ్చిన రోగాన్ని పట్టుకునేటోళ్లు. వాళ్లకు ట్రైనింగు ఇచ్చేది గీ ఛాతి ఎముక ఎనుక ఉండే గ్రంథి. థైమస్ అంటరు. నీకు దాంట్లనే గడ్డ లేచింది, ట్రైనింగు చెడింది. ఇగ వాళ్లు టికెట్ ఉన్నోళ్లనే దింపుతున్నరు."

"ఎవల్ని దింపుతున్నరు మేడం?"

"ఇప్పటికైతే నరం చెప్పిన మాట కండకు చేరకుంట అడ్డం పడుతున్నరు. అందుకే పొద్దుగాల బలం ఉంటది, వాడినకొద్ది తగ్గుతది. కొందరికి కండల మీదనే పడతరు. ఎవలికో ఒకలికి గుండె మీద గూడ పడతరు, గుండె గూడ కండనే గద. ఇసిజి, గుండె స్కానింగు ఇయ్యాల మంచిగనే ఉన్నయి. ఆపరేషన్ చేసి గడ్డ తీసేద్దాం. గంతలోపు దడ గాని, ఆయాసం గాని వస్తే ఒక్క పూట గూడ ఆగద్దు."

"నాకు దడ లేదు మేడం," అంది కల్పన.

ఆమె అబద్ధం చెప్పలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

హైదరాబాదులో ఆపరేషన్‌కు శివరాత్రి తర్వాతి వారం దొరికింది. అప్పటిదాకా మాత్రలు. అవి వేసుకున్న కాసేపటికి రెప్పలు లేచేవి, గొంతు వచ్చేది. ఇక కల్పనను పట్టేవాళ్లెవరు? డాక్టరమ్మ విశ్రాంతి తీసుకోమంది, సతీశ్ సెలవు పెట్టమని బతిమాలాడు, నేను తిట్టాను. తన నోట యేములాడ అయిన వేములవాడ జాతర రోజుల్లో బస్సు దిగడమంటే ఆమెకు కాళ్లు విరగ్గొట్టుకున్నట్టే.

"ఇంట్ల కూసుంటే గోడలు సూసుకుంట సస్త. ఈ వారం అయినంక పండుమన్నన్ని రోజులు పండుకుంట."

శివరాత్రి ముందటి సోమవారం బస్సు ఎట్లా ఉందో చెప్పలేను. టెంకాయల సంచులు, బెల్లం ముద్దలు, తలనీలాలు ఇవ్వబోయే పిల్లలు, వేములవాడ రాజన్న మొక్కు కోసం బుగ్గారం నుంచి వచ్చిన ఒక కుటుంబం మొత్తం. లక్ష్మవ్వ కూడా ఆ రోజు అంగడి మానుకుని దేవుడి దగ్గరికి బయల్దేరింది. కథలాపూర్ దాటాక ఒక కల్వర్టు పని జరుగుతోంది. ఎర్రజెండా మనిషి బండ్లన్నీ ఆపాడు. ఎత్తు మీద మా బస్సు ఆగింది. గంగయ్య న్యూట్రల్ చేశాడు. ఇంజన్ రెండుసార్లు దగ్గి, చల్లగా ఆగిపోయింది.

ఆగిన మా బస్సు ఎట్లా ఉంటుందో అందరం మొదటిసారి చూశాం. అద్దాలు గలగలమనలేదు. పక్కన మక్కచేనులో పిట్టల చప్పుడు కూడా వినపడింది. అందరం నవ్వుకున్నాం. గంగయ్య తల బాదుకుని, అందరూ దిగి తోయాలని అన్నాడు. మగవాళ్లు దిగడం మొదలుపెట్టారు. కల్పన మాత్రం రాడ్ పట్టుకుని నిలబడి విసుక్కుంది.

"కాకా, ముందుగాల ఇంజన్ బందు చెయ్యి. గిట్ల ఊగంగ ముసలోళ్లు ఎట్ల దిగుతరు?"

"ఇంజన్ బందయింది గనకనే గద తోయమంటున్న బిడ్డా."

"మరి ఊగుతున్నది గద."

"ఏది ఊగుతున్నది?"

కల్పన తల ఎత్తి రాడ్ వంక చూసింది. రాడ్ కదలడం లేదు. దాని మీంచి చెయ్యి తీసింది. చేతిని గాల్లో పట్టుకుని ఒక క్షణం చూసింది, ఆ తర్వాత మెల్లగా ఛాతీ మీద పెట్టుకుంది. పెట్టుకుని నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను.

"టీచరమ్మా, గిది బస్సు కాదు."

నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. నాడి పరుగెత్తుతోంది, ఆగుతోంది, తడబడి మళ్లీ పరుగెత్తుతోంది. నా జన్మలో ఏ లెక్కా నన్ను అంత భయపెట్టలేదు. ఎన్నాళ్ల నుంచి ఇట్లా ఉందే అని అడిగితే, "బస్సు ఎక్కితే ఉంటది, దిగినంక గూడ కొంచెం ఉంటది. అందరికి గట్లనే ఉంటదనుకున్న," అంది. నాకూ ఉండేది గదా ఆ వణుకు, సుద్దముక్క పట్టుకునేదాకా. నాది బడికి పోగానే తగ్గేది. ఆమెది తగ్గిందో లేదో చూసుకునేంత సేపు ఆమె ఎప్పుడూ బస్సు దిగి ఉండలేదు.

అప్పటికే ఆమె నుదుటి మీద చెమట. కూర్చోబెట్టి, 108కు ఫోన్ చేశాం. అది చందుర్తి వైపు నుంచి రావాలి, మధ్యలో కల్వర్టు, దాని అవతల బారులు తీరిన బండ్లు. గంగయ్య స్టీరింగు మీద ఒక్క గుద్దు గుద్దాడు.

"కోరుట్లకు మలుపుత. అందరు దిగుండ్రి."

బుగ్గారం కుటుంబంలోని పెద్దమనిషి సంచి పట్టుకుని నసిగాడు. "మరి మా మొక్కు?"

లక్ష్మవ్వ అతని సంచి లాక్కుని సీటు మీద పెట్టింది.

"రాజన్న యాడికి పోడు, ఆడనే ఉంటడు. ముందుగాల నువ్వు దిగి తొయ్యి."

ఇక చూడాలి ఆ తోయడం. వెనక పల్లం ఉంది గనక బస్సును ముందు నుంచి వెనక్కి తోయాలి. మగవాళ్లు, ఆడవాళ్లు, కల్వర్టు కూలీలు, చివరికి ఎర్రజెండా మనిషి కూడా జెండా నడుముకు దోపుకుని వచ్చాడు. నేను చీర కుచ్చిళ్లు పైకి దోపి బంపర్ మీద భుజం ఆనించాను. "దొరసాని గూడ తోస్తున్నది, ఇగ బండి లేవకపోతే సిగ్గుచేటు," అని లక్ష్మవ్వ అరిచింది. బస్సు కదిలింది, జారింది, గంగయ్య రివర్స్ గేరు వేసి క్లచ్చు వదిలాడు. ఒక్క గుద్దుతో ఇంజన్ లేచింది. మక్కచేను బాటలోకి తోక పెట్టి, బండిని కోరుట్ల వైపు తిప్పేశాడు. మేము కదులుతున్న బస్సులోకే ఎక్కాం.

ఆ తర్వాత మా బస్సు ఎక్కడా ఆగలేదు. దారిలో చేతులెత్తిన వాళ్లందరికీ హారన్ మాత్రమే దక్కింది. లక్ష్మవ్వ కింద కూర్చుని కల్పన అరికాళ్లు రుద్దుతోంది. కల్పన పెదవులు నల్లబడుతున్నాయి. అయినా ఒక ఊరి స్టేజీ దగ్గర జనం కనపడగానే, కిటికీ వైపు తల తిప్పి, ముక్కుతో మెల్లగా అంది.

"ఎనుక బస్సున్నది. గది ఎక్కుండ్రి."

నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నోరు మూసుకోమన్నాను.

కోరుట్ల ఆసుపత్రి గుమ్మంలోనే నేను వల్లె వేసుకున్న రెండు పేర్లూ గట్టిగా చెప్పాను. డ్యూటీ డాక్టరుది చిన్న వయసు. థైమోమా అన్న మాట వినగానే పరుగున వచ్చి ఇసిజి తీశాడు, కాగితం చూసి అంబులెన్సుకు ఫోన్ చేశాడు. సతీశ్ చేతులకు వార్నిష్ మరకలతోనే వచ్చాడు. కాగితం మీది గీతలు చూసి, "ఫేజు పోయిన మోటారు లెక్క కొట్టుకుంటున్నది," అని గోడకు చేరబడి కింద కూర్చున్నాడు. అతన్ని లేపి అంబులెన్సు ఎక్కించింది గంగయ్య.

హైదరాబాదు డాక్టర్లు చెప్పింది కరీంనగర్ డాక్టరమ్మ భయపడిందే. గుండె కండరం వాచింది. తొడలు, భుజాల నొప్పి కూడా నిలబడ్డందుకు కాదు, అక్కడి కండరాలూ వాచాయి. గుండె తన లెక్క తాను తప్పుతుంటే తాత్కాలికంగా ఒక తీగ పెట్టి నడిపించారు. స్టెరాయిడ్లు, సీసాల కొద్దీ ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించారు. మధ్యలో ఊపిరి తీసే కండరాలు కూడా అలిసిపోయి కొన్నాళ్లు మిషను మీద ఉంది. ఈ గుండెతో ఇంకో రెండు రోజులు బస్సులో తిరిగి ఉంటే తమ దాకా వచ్చేది కాదని పెద్ద డాక్టరు సతీశ్‌తో అన్నాడట.

ఆ రోజుల్లో మా బస్సుకు ఇంకో అలవాటు వచ్చింది. సతీశ్ పొద్దున్నే గంగయ్యకు ఫోన్ చేసేవాడు. గంగయ్య డ్రైవర్ సీటు పక్కన నిలబడి కబురు చెప్పేదాకా ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. ఇయ్యాల కండ్లు తెరిచింది. ఇయ్యాల మిషను తీసిన్రు. ఇయ్యాల తీగ తీసిన్రు, గుండె తనంతట తనే కొట్టుకుంటున్నది. ఆ మాట చెప్పిన రోజు ఎవరో ఈల వేశారు. ఎవరో ఏముంది, నేనే. పిల్లలు చూస్తే ఏమనుకుంటారన్న ఆలోచన తర్వాత వచ్చింది. గుండె కుదుటపడ్డాక కొన్ని వారాలు ఆగి, గడ్డను గ్రంథితో సహా తీసేశారు. నిమ్మకాయంత అనుకున్నది బత్తాయంత ఉందట.

కల్పన మళ్లీ మా బస్సు ఎక్కడానికి దగ్గర దగ్గర ఏడాది పట్టింది. ముందు ఆఫీసులో కూర్చోబెట్టారు. అక్కడి ఫ్యాను కింద తనకు జ్వరం వస్తోందని రోజూ పోరింది. డాక్టర్లు పరీక్షల మీద పరీక్షలు చేసి, జాతర రద్దీ లేని రోజులకు మాత్రం సరే అన్నారు. మాత్రలు ఇప్పటికీ ఉన్నాయి. ఛాతీ మీద కుట్ల గీత మెడ దాకా కనపడుతుంది, కొంగుతో కప్పుకోదు. తొలిరోజు ఎక్కి, నన్ను చూసి, "ఏంది టీచరమ్మా, నా సీటు ఎనుక నీ సీటును ఎవలు దొంగతనం చెయ్యలే గద," అంది. గొంతు గంటలా ఉంది.

కథలాపూర్ దాటాం. కల్వర్టు ఎప్పుడో పూర్తయింది, దాని మీద కొత్త రంగు కూడా వేశారు. ఎత్తు మీదికి రాగానే కల్పన "హోల్డన్" అంది. అక్కడ స్టేజీ లేదు, దిగేవాళ్లూ లేరు. గంగయ్య ఆపి వెనక్కి తిరిగాడు.

"కాకా, ఇంజన్ బందు చెయ్యి."

"బందు చేస్తే మళ్ల తోసుడే బిడ్డా. సెల్ఫ్ గట్లనే ఉన్నది."

"తెలుసు. చెయ్యి."

పొద్దున స్టార్టు చేస్తే సాయంత్రం దాకా తాళం ముట్టని మనిషి, ఏమీ అడగకుండా తాళం తిప్పేశాడు. కిటికీలు ఆగాయి. సీట్లు ఆగాయి. విషయం తెలిసిన మేము కల్పన చేతి వంకే చూశాం, తెలియనివాళ్లు మమ్మల్ని చూశారు. కల్పన రాడ్ పట్టుకుని కళ్లు మూసుకుంది. తర్వాత రాడ్ వదిలి, చెయ్యి ఛాతీ మీద కుట్ల గీత దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అట్లాగే నిలబడింది. నాకైతే లేచి ఆమె మణికట్టు పట్టుకోవాలనిపించింది.

"ఏమాయెనే బిడ్డా?" అంది లక్ష్మవ్వ, ఉండబట్టలేక.

కల్పన కళ్లు తెరిచింది. రెండు రెప్పలూ పూర్తిగా పైకి లేచి ఉన్నాయి, నిండా నీళ్లు.

"ఏం కాలే అవ్వా. బస్సు ఆగింది."

లక్ష్మవ్వే ముందు లేచి, కూరల గంప సీటు మీద పెట్టి మెట్లు దిగింది. ఆమె వెనక నేను, నా వెనక బస్సంతా. కల్పన కూడా దిగబోతే నేను గట్టిగా ఒక్క కసురు కసిరి ఫుట్‌బోర్డు మీదే నిలబెట్టాను. మేమందరం భుజాలు ఆనించాం. ఆమె ఒక చేత్తో రాడ్ పట్టుకుని, సగం ఒళ్లు బయటపెట్టి, ఎల్లారెడ్డిపేట దాకా వినపడేటట్టు అరిచింది.

"రైట్, రైట్."